కొసరు గరిటె

రోడ్డు వెడల్పు పనుల్లో మా బావ పోగొట్టుకున్నవి ఇవి: నలభై అడుగుల రేకుల షెడ్డు, ఆరు బల్లలు, రెండు మట్టి పొయ్యిలు, చేతులు కడుక్కునే సిమెంటు తొట్టి, "భోజనం తయారు" అని రాసిన బోర్డు. బల్లలూ బోర్డూ ముందే ఇంటికి చేర్చాం కాబట్టి నిజానికి అవి పోలేదు. కానీ వేసుకోవడానికి చోటు లేని బల్లను ఉన్న లెక్కలో ఎలా వేయాలి? ఇవి కాక, ఆ షెడ్డు కనబడగానే బ్రేకు మీద కాలు వేసే లారీ డ్రైవర్లు. వాళ్లు ఎందరో నేను లెక్క కట్టలేకపోయాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. చేవెళ్లలో ఎరువుల దుకాణం నడుపుతూ, గుంటలను గజాల్లోకి, గజాలను రూపాయల్లోకి నోటిలెక్కగా మార్చడం నేర్చుకున్నాను. ఐటీ కంపెనీలు వచ్చి మొయినాబాద్ దాకా భూముల ధరలు పెరిగిన రోజులవి. ఆ విద్యకు మంచి గిరాకీ ఉండేది.

షెడ్డు పోయిన రెండు నెలలకు, కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్ యజమాని తోట పక్క గదులు బావకు కిరాయికి ఇస్తానన్నాడు. ఒకటే షరతు. మెనూ కార్డు ఉండాలి, ప్లేటుకు ఇంత మటన్ అని తూచి పెట్టాలి. ఇక్కడికి వచ్చేది కంపెనీలవాళ్లు, లారీలవాళ్లు కాదు అన్నాడు.

బావకు అక్కడే చిక్కు పడింది. పాత హోటల్లో, తినేవాడు చివరి ముద్దల్లో ఉండగా ఆయన స్వయంగా వచ్చి, అడగకుండానే ఇంకో గరిటె మటన్ షోర్వా పోసేవాడు. కూరగాయలు తూచాక పైన వేసే నాలుగు మిరపకాయల్లాంటిదే అది. కొసరు.

"కొసరు లేకుంటె అది హోటలెట్లయితది? దవాఖాననే. తూచి మందిస్తరు, పైసల్ గుంజుతరు," అన్నాడు.

"పన్నెండు గిన్నెలు వండితె ఒక గిన్నె కొసరుకే పోతున్నది బావా."

"పోతె ఏడికి పోతది? మంది కడుపులకే గదా, బామ్మర్ది."

నా లెక్క తప్పు కాదు. కానీ కొసరు లేని హోటల్ పెట్టడానికి ఆయనకు చేతులు రావు. పెట్టకపోతే ఆ వయసులో ఇంకొకరి వంటింట్లో కూలికి నిలబడాలి. అవునో కాదో నెలాఖరులోగా చెప్పాలి. కొత్త హోటళ్లు ఎలా నడుస్తున్నాయో, వాటిలో కొసరుకు చోటుందో లేదో చూసొద్దామని నేను స్కూటర్ తీశాను.

అక్క గుమ్మంలో నిలబడి, "లెక్క జూడనీకె పోతున్నరా, తాగనీకెనా?" అంది.

"రెండిట్లకు," అన్నాడు బావ.

మోకిలలో కొత్త విల్లాల ఎదుట ఒక ఫ్యామిలీ రెస్టారెంటు, ముందు ఫౌంటెన్. నాటుకోడి కూర బాగుంది. ముక్క ఎముకను మర్యాదగా వదిలింది. బావ మెచ్చుకుని, జర షోర్వా పోయమన్నాడు. "ఎక్స్‌ట్రా గ్రేవీకి చార్జ్ పడ్తదన్నా," అన్నాడు వెయిటర్. ఆలూరు దగ్గర తోటలో ఒకచోట నులకమంచాల మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టారు. రొట్టెలు చేసే అవ్వ బావను చూసి, "తిను కొడుకా," అంటూ ఇంకోటి వేసింది. కొసరు దొరికిందని ఆయన మురిసిపోయాడు. బిల్లులో ఆ రొట్టె కూడా ఉంది. "అవ్వ కొసరేసింది, కంప్యూటర్ బిల్లేసింది," అని దారి పొడవునా నవ్వాడు. ఇల్లు దగ్గరపడేసరికి నవ్వు ఆగిపోయింది.

చివరిగా మిగిలింది బారు. గండిపేట వైపు అద్దాల భవనం పై అంతస్తులో పాతకాలపు కాక్‌టెయిళ్లు చేస్తారని, మా దుకాణంలో పూలమొక్కలకు ఎరువు కొనే ఒక కంపెనీ ఉద్యోగి చెప్పాడు. మేం వెళ్లింది సాయంత్రం. బారు ఖాళీగా ఉంది. కౌంటర్ వెనక నెరిసిన మీసాలతో, నల్ల ఏప్రన్ కట్టుకుని మా వయసు మనిషే ఉన్నాడు.

"విస్కీ సవర్ బాగుంటదన్నా," అన్నాడు.

"విస్కీ సారానా? రెండు గలిపి తాగితె మనిషి లేస్తడా?" అన్నాడు బావ.

"సారా గాదన్నా, సవర్. పులుపు. విస్కీల నిమ్మరసం, చక్కెర పాకం, గుడ్డు తెల్లసొన."

"గుడ్డా! ఆమ్లెట్ మందు పక్కకుంటదని ఎర్కగని, మందు లోపటుంటదని ఎర్కలే."

ఆ మనిషి చిన్న స్టీలు కొలతతో అన్నీ అంచుకు సరిగ్గా కొలిచి ఒక డబ్బాలో పోశాడు. నాకు నచ్చింది. మూత పెట్టి, ఐసు గలగలలాడేలా ఊపి, గ్లాసులోకి వడకట్టాడు. పైన తెల్లటి నురుగు నిలిచింది. పుల్లగా, తియ్యగా, చివర్లో విస్కీ వెచ్చగా తగిలింది. ఇంత మంచి పానీయం నేను అదివరకు తాగలేదు.

"ఈడ గూడ కొసరు లేదు," అని బావ నా చెవిలో అన్నాడు.

ఆ మనిషికి వినపడింది. ఊపిన డబ్బాలో రెండు గుక్కలు మిగిలి ఉన్నాయి. వాటిని ఒక చిట్టి గ్లాసులో పోసి బావ ముందుకు జరిపాడు. "కొసరు లేకుండ ఎట్లుంటదన్నా? మాది తాండూరు."

"బిల్లుల ఏస్తవా?"

"ఏస్తె కొసరెట్లయితది?"

ఐసు కరిగి పానీయం పెరుగుతుందట. గ్లాసులో పట్టనిది ఎవరి కోసం చేశాడో వాళ్లదేనట, తొట్టిలో పారబోయడట. బావ ఆ చిట్టి గ్లాసును వెంటనే తాగలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. "కొల్సినది కొల్సినట్లే ఉన్నది, కొసరు కొసరే ఉన్నది. బామ్మర్ది, మనం గూడ ముక్కలు తూచి పెడ్దాం. తూకంల రాని బొక్కలన్ని ఇంకో గిన్నెల ఏసి షోర్వా కాగబెడ్దాం. గరిటె నాది, తక్కెడ గా ఫామ్‌హౌసాయనది."

నేను అక్కడే లెక్క కట్టాను. కుదిరింది. మరునాడు బావ యజమానికి అవునని చెప్పాడు.

ఆ నెలలోనే ఇంకో రెండుసార్లు ఆ బారుకు వెళ్లాం, అదే పానీయం కోసం. వెళ్లినప్పుడల్లా బావకు ఒక చిట్టి గ్లాసు అందింది. "మూడు గరిటెలు బాకున్న నీకు. కనకమామిడికి రా," అన్నాడు బావ.

హోటల్ తెరిచాక మొదట్లో కంపెనీలవాళ్లు గరిటె చూసి ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టేవారు, మేం ఆర్డర్ చేయలేదు అని. "ఆర్డర్ గాదు బిడ్డా, కొసరు," అనేవాడు బావ. కొన్నాళ్లకు వాళ్లే చివరి ముద్దలు దాచుకుని ఆయన కోసం చూడసాగారు.

తాండూరు మనిషి ఒక సోమవారం, తన సెలవు రోజున వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. బావ ఒక గరిటె పోసి, రెండోది ముంచగానే ప్లేటు మీద చెయ్యి పెట్టాడు.

"నేను గూడ ఒక్కపాలి ఒక్కటే ఇచ్చిన గదన్నా. మల్ల వస్త."

మళ్లీ రాలేదు. మేం వెళ్లి అడిగితే వేరే ఊళ్లో ఏదో బారులో చేరాడన్నారు. ఏ ఊరో వాళ్లకు తెలియదు. బావ ఇప్పటికీ సోమవారం మధ్యాహ్నాలు షోర్వా గిన్నెను అడుగుదాకా ఖాళీ చేయనివ్వడు. చల్లారిపోతున్నది, కడిగేస్తానని అక్క అంటే, "ఆగరాదె జర," అంటాడు.

అడుగున ఎంత ఉంచాలో నేనే చెప్పాను. మూడింట్లో ఒకటి ముట్టింది. ఈ రోజుకీ రెండు గరిటెలు.