కీమేన్ తాత పంచిన మాటలు

మా గుడి కీమేన్ తాత ఇక లేడు. ఈస్టర్ వెళ్లిన రెండో బుధవారం పొద్దున్న, అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఒలుస్తుంటే మా తోడికోడలు ఫోన్ చేసింది. అక్కని మా వైపు అప్ప అంటారు. "అప్పా, తాత ఎల్లిపోనాడు. టీ తాగి గ్లాసు కింద ఎట్టేడంట, మరి లెగనేదు" అంది. సగం ఒలిచిన గుడ్డు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ఎనభై దాటిన మనిషి, పండగ చూసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు. అలాంటి చావుకి కుళ్లుకోవాలి గానీ ఏడవడం దేనికి అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక ఏడుపు దానంతట అదే వచ్చింది.

ఆమదాలవలస చుట్టుపక్కల పట్టాల మీద కీమేన్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: రోజూ పట్టాల వెంట నడుచుకుంటూ వెళ్లి, పట్టాని బిగించి ఉంచే క్లిప్పుల్లో వదులైనవాటిని సుత్తితో దిగ్గొట్టేవాడే కీమేన్. "కంటితో సూడక్కర్నేదమ్మీ. సుత్తి ఏస్తే సాలు, వదులుది వేరేగా పలుకుతాది" అనేవాడు. ఆదివారం గుడి ముందు చెప్పులు విడిచే చోట నిలబడి వచ్చినవాళ్లందర్నీ ఒకటే అడిగేవాడు: "ఏటి, బాగున్నావా?" మనం బాగున్నాననే అంటాం. అన్న తీరుని బట్టి ఆయనకి సంగతి తెలిసిపోయేది. కొందరు ఆ ప్రశ్న తప్పించుకోడానికి పక్క గుమ్మంలోంచి దూరేవారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఉపవాసంతో కూర్చుంటాం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద సంఘంలో ఏడుగురు లేచి మాట్లాడతారు. ఇది అన్ని గుళ్లలోనూ ఉన్నదే. వేరే చోట్ల నోరున్నవాళ్లకి ఇస్తారు. మా గుడిలో మాత్రం ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాస దినాల్లో మొదటి శుక్రవారం తాత ఆ మాటలు పంచేవాడు. ఆయన లెక్క వేరు. ఎవరికి ఏ మాట కష్టమో, ఆ మాట వాళ్లకే.

పక్కన వేలాడుతున్న దొంగకి స్వర్గం మాటిచ్చిన రెండో మాటని తీసుకెళ్లి రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారికి ఇచ్చాడు. "దొంగకి ఎలాగిచ్చేసేరో నువ్వే సెప్పాల మరి" అన్నాడు. ఆ పెద్దమనిషి నెల రోజులు నిద్రపోలేదని వాళ్లావిడ చెప్పింది. గుడి గంట స్తంభాన్ని నాలుగేళ్లుగా సగంలో ఒగ్గేసిన మేస్త్రికి, పని పూర్తయిందని ప్రభువు చెప్పిన ఆరో మాట ఇచ్చాడు. గుడంతా నవ్వింది. మేస్త్రి ఎర్రబడ్డాడు. గుడ్ ఫ్రైడేకి నాలుగు రోజుల ముందు కర్రలు కట్టి, పైకెక్కి, స్తంభం ముగించి మరీ వచ్చి మాట్లాడాడు. "ఇలాగైతే ప్రసంగాలు పాడవుతాయి కదా తాతా" అని మా పాస్టరు అయ్యగారు మొదట్లో గునిసేవారు. "పెసంగాలు పాడైతే పోనీండి అయ్యగారూ, మనుసులు బాగుపడతన్నారు" అని తాత జవాబు.

లెంట్ నలభై రోజులూ మా సంఘంలో ప్రతి ఇంట్లో అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం శనివారం గుడికి చేరుతుంది. ఒక ఏడాది మాకు తెలివెక్కువై, ఆ బియ్యంతోనే స్టేషన్ రోడ్డులో వచ్చేపోయేవాళ్లకి అన్నం వండి పెడదామని బయల్దేరాం. ఒక ఇంటివి రేషన్ బియ్యం, ఒక ఇంటివి సన్నాలు, ఒకరివి పాతవి, ఒకరివి మొన్న పండినవి. గుండిగ దించేసరికి సగం ముద్ద, సగం పలుకు. రైలు దిగి ఆకలితో వచ్చినవాళ్లు ఒక్క ముద్ద తిని మా మొహాలు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాం. తాత ఒక్కడే విస్తరి ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "నలభై ఇల్ల బియ్యం ఒక్క ఉడుకు ఉడకవు. అందుకే దేవుడు అంబలి ఎట్టేడు" అన్నాడు. ఆ మర్నాడే బియ్యం మిల్లుకి పంపి నూకలు పట్టించాం. నూకలు ఉడికించి చోడిపిండి, అదే రాగిపిండి, కలిపితే ఏ ఇంటి బియ్యమైనా ఒకటే అంబలి. అప్పట్నించీ లెంట్ శుక్రవారాలు స్టేషన్ రోడ్డులో మా అంబలి పందిరి ఉంటుంది. ఎదురు కొట్టు షావుకారు గారు మా గుడికి వచ్చే మనిషి కాదు. అయినా మజ్జిగ, ఉల్లిపాయలు ఆయనవే. "ఉపాసం మీది, పుణ్యం నాది" అని నవ్వుతారు.

ఇక నా సంగతి చెప్పకుండా తాత సంగతి పూర్తి కాదు.

మా అత్తగారి చివరి ఏడాది మా తోడికోడలి ఇంట్లో గడిచింది. ఆవిడ మంచం పట్టిన నెలలన్నీ ఎత్తిందీ, కడిగిందీ, తినిపించిందీ మా తోడికోడలే. సమాధి చేసిన రోజు, చుట్టాలందరి ముందూ నేను ఒక మాట అన్నాను. "నా దగ్గరుంటే ఇంకో రెండేళ్లు బతికేది" అని. అది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు. ఎందుకన్నానంటే, అందరూ మా తోడికోడల్ని మెచ్చుకుంటున్నారు, నేను ఓర్చుకోలేకపోయాను. తను లోపలికెళ్లి తలుపేసుకుంది. తర్వాత మూడేళ్లు మా మధ్య మాటల్లేవు. ఇద్దరిదీ ఒకే పెరడు, ఒకే బోరు. నేను నీళ్లు పట్టుకుని వెళ్లాక అది వచ్చేది. అన్నదమ్ములిద్దరూ మాత్రం గట్టు మీద కూర్చుని హాయిగా ఒకే పేపరు పంచుకుని చదువుకునేవారు.

ఈస్టర్ తెల్లవారుజామున మా ఆరాధన సమాధుల తోటలోనే. అందుకని ముందురోజు శనివారం ఎవరి సమాధులు వాళ్లు గడ్డి పీకి, సున్నం వేసుకుంటారు. నేను పొద్దున్నే వెళ్లి అత్తగారి సమాధికి తల వైపు సగం వేసి వచ్చేసేదాన్ని. తర్వాత అది వచ్చి కాళ్ల వైపు సగం వేసేది. నేను సున్నంలో నీలిమందు కలుపుతాను, అది కలపదు. నా సగం నీలిఛాయ తెలుపు, దాని సగం పసుపుపచ్చ తెలుపు, మధ్యలో గీత. చనిపోయాక మా అత్తగారు నడుముకి బెల్టు పెట్టుకున్నట్టుండేది. పండగ పూట కొవ్వొత్తులు పట్టుకుని ఊరంతా ఆ గీత చూసేవారు. తాత కూడా చూశాడు.

ఆ తర్వాతి లెంట్‌లో నాకూ ఒక మాట వస్తుందని తెలుసు. క్షమించమనే మొదటి మాటే వస్తుందనుకున్నాను. "అదే గనక ఇస్తే లేచొచ్చేస్తాను" అని మా ఆయనకి ముందే చెప్పాను. తాత ఆ మాట మా తోడికోడలికి ఇచ్చాడు. నాకు ఐదోది, దాహమన్న మాట. అంటే క్షమించాల్సింది అదని, తప్పు నాదని గుడంతటికీ తెలిసిపోయినట్టే. ఒళ్లు మండిపోయింది. ఆరాధన అయ్యీ అవగానే ఆయన మీదకి వెళ్లాను.

"దాహం మాట నాకేల తాతా? నాకేటి నీల్లకి కరువా?"

"నీకు అడగడం రాదమ్మీ."

"నేను ఎవుల్ని ఏటడగాల?"

"అది నాకేటి తెలుసు? మేకులు కొట్టినోల్లే కింద నిలబడుంటే, ఆయన దాహమని నోరిప్పి సెప్పేడు. మనల్ని కొట్టినోల్లని అడగడం ఒక కస్టం. మనం కొట్టినోల్లని అడగడం ఇంకో కస్టం. రెండోదే పెద్దది, సూసుకో."

గుడ్ ఫ్రైడే వచ్చింది. మొదటి మాటకి మా తోడికోడలు లేచింది. సముద్రం ఒడ్డున భావనపాడు పిల్ల, దాచుకుని మాట్లాడ్డం దానికి రాదు. "నేనింకా సెమించనేదు. నేర్చుకుంటన్నాను. బేగి నేర్చుకునేలా పార్తన సెయ్యండి" అని కూర్చుంది. అర నిమిషం కూడా కాలేదు. నా వంతు రెండు దాటాక వచ్చింది. పదిహేను నిమిషాలు దంచేశాను. ఎండలు, బిందెలు, ఆడవాళ్ల కష్టాలు, మన అంబలి పందిరి, ఏదీ వదల్లేదు. బయటికొచ్చాక అందరూ తెగ పొగిడారు. తాత చెప్పుల దగ్గర నిలబడి, "ఏటి, బాగున్నావా?" అన్నాడు. "బాగున్నాను తాతా" అన్నాను. నా గొంతు ఎలా పలికిందో నాకే వినబడింది.

ఆ పొగడ్తల మత్తులో రాతి సున్నం నానబెట్టడం మర్చిపోయాను. శనివారం ఆలస్యంగా లేచి, ఎండు సున్నం బకెట్లో వేసుకుని తోటకి పరిగెత్తాను. మా తోడికోడలు అప్పటికే వచ్చి గడ్డి పీకుతోంది. తోటలో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. వేసవి కదా. అది తెలిసి రెండు బిందెల నీళ్లు ఆటోలో తెచ్చుకుంది. నేను బకెట్ ఎత్తి ఇంటికి తిరిగాను. నాలుగడుగులు వేశాను. కాళ్లు ఆగిపోయాయి. ఇవాళ వెళ్లిపోతే ఇంక ఈ జన్మకి ఇంతే, ఒకే పెరట్లో ముసలివాళ్లమై, చివరికి మా ఇద్దర్నీ కూడా ఇక్కడే చెరో వైపు పడుకోబెడతారు అనిపించింది. భయమేసింది.

"ఒసే, కొంచెం నీల్లిస్తావా?"

మూడేళ్ల తర్వాత అదే మొదటి మాట. అది తలెత్తి చూసింది.

"ఎంత?"

"సగం బిందె."

తెచ్చి పోసింది. సున్నం బుసబుసా పొంగింది. అది చల్లారేదాకా కుంచె ముంచడానికి లేదు. ఇద్దరం బకెట్‌కి చెరో పక్కా కూర్చున్నాం. లేచి వెళ్లడానికి వంక లేదు.

"ఆ రోజు నేనన్నది అబద్దం. అత్తని నువ్వు సూసినట్టు నేను సూసీదాన్ని కాను. నన్ను సెమించవే" అన్నాను.

అది సున్నం వైపే చూస్తూ, "అబద్దమని నీకు తెలుసని నాకు తెలుసప్పా. తెలిసే అన్నావు, అదే నొప్పి" అంది. ముక్కు చీదుకుంది. "నీలిమందు తెచ్చేవా? నాకూ ఎయ్యి. నాది ఎప్పుడూ పచ్చగా దిగులుగా ఉంటాది" అంది. నేను ఏడుస్తూ నవ్వాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే బకెట్లో కుంచెలు ముంచాం.

మర్నాడు చీకట్లో తాత కొవ్వొత్తి పట్టుకుని మా అత్తగారి సమాధి దాకా వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా ఒకే తెలుపు. ఏమైనా అంటాడని కాచుకున్నాను. మమ్మల్ని దాటుకుని ముందుకెళ్లి, హెడ్ కానిస్టేబుల్ గారిని "ఏటి, బాగున్నావా?" అని పలకరించాడు. నాకు కాస్త కోపమే వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, మెచ్చుకోకపోవడం ఎంత మేలో అర్థమవుతోంది. మెచ్చుకుని ఉంటే ఆ పని కూడా నా పదిహేను నిమిషాల ప్రసంగంలాగే పాడు చేసుకునేదాన్ని. మా ఇంట్లో ఇప్పుడున్న ఈ సందడంతా, పెరట్లో రెండు గొంతుల గోలంతా, ఆయన పెట్టిన భిక్షే.

ఈ ఏడాది లెంట్ మొదలయ్యేసరికి తాతకి నడుం పట్టేసింది. గుడి వెనక తను ఉండే గదిలో మంచం మీద పడుకునే మాటలు పంచాడు, అయ్యగారు రాసుకున్నారు. ఒంటరి మనిషి. ఎవరి చేతా గ్లాసు నీళ్లు కూడా తెప్పించుకోడు. గిన్నెలో కూర పంపితే, మర్నాడు ఆ గిన్నె కడిగి అందులో రెండు జాంపళ్లు వేసి పంపేవాడు. ఆయనకి అడగడం రాదన్న సంగతి ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు.

ఈస్టర్ మర్నాడు మేమిద్దరం తోడికోడళ్లం పలావు పట్టుకుని వెళ్లాం. నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత చాలాసేపు తన కాళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మీ" అన్నాడు.

"ఏటి తాతా?"

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "గోల్లు పెరిగిపోనాయి. ఒంగలేకపోతన్నాను. కొంచెం తీస్తావేటి?"

మా తోడికోడలు, "ఓలమ్మో, తాత అడిగేడే!" అంది. గోడ వైపు నుంచే నవ్వు వినబడింది. "ఆ ఐదో మాట నాదేనమ్మీ. ఏటేటా నేనే తీసుకుందారనుకునీవోడ్ని. నాకు అడగడం రాక నీకిచ్చేసేను" అన్నాడు.

అది వేడినీళ్లు కాచి బేసిన్‌లో పోసి తెచ్చింది. ఎన్నేళ్లో కంకర రాళ్ల మీద నడిచిన కాళ్లు. గోళ్లు కొమ్ముల్లా గట్టిపడ్డాయి, నానితే గానీ లొంగవు. తాతని మంచం అంచుకి కూర్చోబెట్టి, నేనొక కాలు, అదొక కాలు పట్టుకుని నీళ్లలో పెట్టాం. ఆయన తన కాళ్లని, అవి ఎవరివో అన్నట్టు, వంగి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నీళ్లలో వేళ్లు మెల్లగా కదిలాయి.