జానెడు ఎత్తు కోసం అలిగిన అల్లుడు

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో అల్లుళ్లు అలిగితే సైకిలో రిస్టువాచీయో అడిగేవారు. నేను గుమ్మానికి ఇంకో జానెడు ఎత్తు అడిగాను.

ముక్తేశ్వరంలో మా అత్తవారిది మట్టిగోడల పెంకుటిల్లు. కట్టించినాయన మా మామగారి తండ్రి. ఎంతటివాడైనా తన ఇంట్లోకి వంగే రావాలని ద్వారబంధం పొట్టిగా పెట్టించాడట. ఆయనా పొట్టే, కొడుకూ పొట్టే, వాళ్లదేం పోయింది? ఆరడుగులవాణ్ణి, వెళ్లినప్పుడల్లా నా నుదురు బొప్పి కట్టేది. అత్తగారు అల్లుడికి ఎదురుపడే మనిషి కాదు. తలుపు చాటునుంచి "అయ్యో, చూసుకోండి బాబూ" అనేవారు, దెబ్బ తగిలాక.

"మా నాన్నగారు పెట్టిన గుమ్మం అండీ. ఎన్ని తుఫాన్లు చూసిందో. మీరే కాస్త వంగాలి, ఆయ్," అనేవారు మామగారు.

నాకసలే ముక్కుమీద కోపం. మా ఆవిడకి మొదటి కాన్పు. తీసుకెళ్లడానికి మామగారు రాజోలు వస్తే, "గుమ్మం ఎత్తు పెంచేదాకా మీ అమ్మాయిని పురిటికి పంపను," అనేశాను. ఆయన మజ్జిగైనా ముట్టకుండా వెళ్లిపోయారు. మా ఆవిడ నాతో మాటలు మానేసింది. అన్నం మాత్రం పెట్టేది, కంచం చప్పుడయ్యేలా. తొలికాన్పుకి తల్లి దగ్గర లేకపోతే ఆడపిల్లకి ఎంత భయమో నాకేం తెలుసు?

పదిరోజులకి కబురొచ్చింది, గుమ్మం తీయించేశాం, అమ్మాయిని తీసుకురమ్మని. గెలిచానని పొంగిపోతూ రేవు దాటించి, బండి కట్టించి తీసుకెళ్లాను.

తీరా చూస్తే అక్కడ గుమ్మమే లేదు. గోడలో పెద్ద కంత, పైన కూలకుండా అడ్డంగా ఓ కొబ్బరిదుంగ. అరుగుమీద మామగారు దుడ్డుకర్రతో కూర్చున్నారు.

"ఇదేంటండీ?"

"నేను అమలాపురం వెళ్లొచ్చేసరికి మీ అత్తగారు వడ్రంగిని పిలిచి పీకించేసేరండి. పీకడానికి ముహూర్తం అక్కర్లేదు కదా. కొత్తది ఎత్తాలంటే ఆషాఢం వెళ్లాలి. నాలుగు రోజులబట్టీ కుక్కలు దూరకుండా కాపలా కాస్తన్నాను, ఆయ్."

నవ్వబోతుంటే అత్తగారు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. చాటుకి తలుపేదీ? ఆవిడ ముఖం సరిగ్గా చూడడం నాకదే మొదలు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"చాలుతుందా బాబూ? చాలకపోతే గోడ కూడా తీయించేస్తానండి. పిల్లని మాత్రం నా దగ్గర ఉంచండి," అన్నారు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి తల్లిని పట్టుకుంది. మామగారి చేతిలో కర్ర తీసుకుని అరుగుమీద కూలబడ్డాను. ఇల్లరికం వచ్చాడని ఊరంతా నవ్వినా సరే, శ్రావణం వచ్చేదాకా కుక్కల్ని నేనే తోలాను.