అక్క మెస్ మూసేసిన వేసవి

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో చిన్నపాటి విషాదం జరిగింది. ఎన్నో ఏళ్ళుగా మాకు వంట చేసిపెడుతున్న దీదీ పప్పులో తాలింపు వేసి, స్టవ్ ఆపి, చున్నీతో చేతులు తుడుచుకుని, వచ్చే ఒకటో తారీఖు నుంచి తాను రానని చెప్పింది. నోయిడాలో ఒక కంపెనీ క్రెష్‌లో ఆయాగా ఉద్యోగం దొరికిందట. యూనిఫారం ఇస్తారట, ఆదివారం సెలవట, పీఎఫ్ కూడా కడతారట. పీఎఫ్ అన్న మాటను ఆమె కొత్త గాజులు చూపించినంత మురిపెంగా పలికింది. మా ఆవిడ “అచ్ఛా హై దీదీ, బహుత్ అచ్ఛా హై” అని నవ్వుతూ సాగనంపి, తలుపు గడియ వేసి, సోఫాలో కూలబడింది. “గుత్తివంకాయ దాకా నేర్పించుకున్నానండీ. మళ్ళీ మొదట్నుంచి ఎవరికి నేర్పను?” అంది. సంగతి ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా సొసైటీ వాట్సాప్ గ్రూపుకు ఎక్కిన కాసేపటికే పరామర్శలు వచ్చిపడ్డాయి. ఈమధ్య పనివాళ్ళు దొరకడమే గగనమైందని ఒకరు, దొరికినా కళ్ళు నెత్తికెక్కి ఉంటున్నారని ఇంకొకరు రాశారు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, “మమ్మా, ఉస్కో జాబ్ మిలీ హై. హ్యాపీ హోనా చాహియే నా” అని, ఆమెకి ఉద్యోగం వచ్చినందుకు సంతోషించాలని తేల్చేసి, మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయింది. నేను ఎవరి పక్షమూ చేరకుండా పప్పన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. కూర్చున్నానే గాని, మనసు మాత్రం బేర్ సరాయ్‌కి పోయింది. అక్కడ మాకు ఒక అక్క ఉండేది.

సివిల్స్ రాద్దామని గుంటూరు నుంచి రైలెక్కి ఢిల్లీలో దిగిన రోజుల మాట. బేర్ సరాయ్‌లో నా గదికి కిటికీ ఉండేది గాని, అది తెరిస్తే ఎదురింటి కుర్రాడి కిటికీకి తగిలేది. కాబట్టి మేమిద్దరం వంతులవారీగా గాలి పీల్చుకునేవాళ్ళం. కింద సందు నిండా పుస్తకాల షాపులు, జెరాక్స్ మిషన్ల వేడి, పరాఠాలు కాలుతున్న వాసన, పైన ఎవరి తడిబట్టల నీళ్ళో నెత్తిన పడుతుండేవి. ఆ గదుల్లో కూర్చుని మేమంతా దేశంలోని పేదరికాన్ని నిర్మూలిస్తూ ఉండేవాళ్ళం. సమ్మిళిత వృద్ధి అన్న మాట అప్పుడు మంచి ఊపు మీదుంది. అభివృద్ధి ఫలాలు చిట్టచివరి మనిషికి అందాలి అనే వాక్యంతో మొదలుపెట్టకపోతే వ్యాసానికి మార్కులు పడవని మాలో ఒక నమ్మకం. ఆ చిట్టచివరి మనిషి ఎక్కడుంటాడో, ఏం తింటాడో మాలో ఎవరికీ పెద్దగా తెలియదు. రాత్రిపూట అక్క మెస్‌లో చాప మీద బాసింపట్టు వేసుకుని, ఆవిడ వడ్డించిన అన్నం తింటూ, ఆ మనిషికి ఏ పథకం మంచిదో గొంతులు చించుకుని వాదించుకునేవాళ్ళం. అక్క అన్నం గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడి, వాదన ఆగాక వడ్డించేది.

అక్కది పాలమూరు. పెళ్ళయిన కొత్తలోనే భర్తతోపాటు కూలి ముఠాలో ఢిల్లీ వచ్చింది. ఆయన మేస్త్రీ. ఈవిడ తట్ట మోసేది. ఈ నగరంలో మనం గొప్పగా చెప్పుకునే చాలా అపార్ట్‌మెంట్ల ఇటుకలు పైఅంతస్తులకు ఆవిడలాంటి వాళ్ళ నెత్తిమీదే వెళ్ళాయి. పనిచోట ఆవిడ వండే కూరల వాసనకు, అటుగా పోతున్న తెలుగు కుర్రాడొకడు ఆగిపోయి, డబ్బులిస్తాను నాకూ ఒక పూట పెట్టమని అడిగాడట. అలా ఒకడు ఇద్దరై, ఇద్దరు పదిమందై, చివరికి బేర్ సరాయ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని మెస్ పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు. అది పుంటికూర కాదు గోంగూర అని మా కోస్తా బ్యాచ్ పట్టుబట్టేది. “ఏదన్న గానీ, తినెటప్పుడు పులుపే గద తమ్మీ” అని అక్క తేల్చిపారేసేది. మాకు హిందీ నేర్పింది కూడా ఆవిడే. ఆటో భయ్యాతో ఎలా మాట్లాడాలో, గది ఓనరు కేకలేస్తే ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు తిరిగి కేకలెయ్యాలో ఆవిడ దగ్గరే తెలుసుకున్నాం.

ఆవిడకి వచ్చిన చిక్కల్లా వేసవి. ప్రిలిమ్స్ అయిపోగానే మేమంతా ఊళ్ళకు పోయేవాళ్ళం. సందు బోసిపోయేది, మెస్‌లో పొయ్యి వెలిగేది కాదు. ఆ నెలల్లో అక్క మళ్ళీ తట్ట ఎత్తేది. మామిడిపళ్ళు తిని బుగ్గలు పెంచుకుని మేం తిరిగొచ్చేసరికి ఆవిడ ఎండకు నల్లబడి, గొంతు బొంగురుపోయి ఉండేది. మేం దాన్ని పట్టించుకున్నది తక్కువ. ఒక ఏడాది చలికాలంలో ఆమె భర్త పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మెల్లగా లేచి తిరుగుతున్నాడు గాని బరువు పని ఇక చేయలేడు. అదే సమయంలో అక్కకి మెడనొప్పి మొదలైంది. రొట్టె తడుతూ తడుతూ ఆగి, మెడ పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఒకరోజు మేం నిలదీస్తే చెప్పింది. “మళ్ళ తట్ట ఎత్తితె చెయ్యి గూడ పడిపోతదన్నడు డాక్టరు. ఎత్తకుంటె ఎండకాలం ఎట్ల ఎల్లాలె?” ఆ పూట పథకాల గురించి ఎవరమూ వాదించుకోలేదు.

దారి చూపించింది మా మెస్ పాత సభ్యుడొకడు. సివిల్స్ రాసీ రాసీ, చివరికి దగ్గర్లోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరినవాడు. తమ ఆఫీసు క్యాంటీన్‌లో వంట నడిపించేందుకు మనిషిని చూస్తున్నారని, పెద్దవాళ్ళు ముగ్గురు కూర్చుని మాట్లాడి తీసుకుంటారని కబురు తెచ్చాడు. ఏడాది పొడవునా పని, వెనకాల ఉండటానికి ఒక గది. అది దొరికితే అక్క జన్మలో తట్ట ముట్టుకోనక్కర్లేదు. ఈ కబురు వినగానే మాలో ఉత్సాహం ఉరకలు వేసింది. ముగ్గురు కూర్చుని మాట్లాడతారంటే దాన్ని ఇంటర్వ్యూ అనే కదా అంటారు. ఇంటర్వ్యూ గురించి మాకు తెలియనిది లేదు, అందులో గట్టెక్కడం ఒక్కటి తప్ప.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు గాని, ఆ పదిరోజులూ మేం అక్కకి మాక్ ఇంటర్వ్యూలు పెట్టాం. అసలు ఇంటర్వ్యూ దాకా రెండుసార్లు వెళ్ళొచ్చిన కడప అన్న ఒకడుండేవాడు. ఆయన్ని ఛైర్మన్ అన్న అనేవాళ్ళం. మెస్‌లో బియ్యం బస్తా మీద దుప్పటి పరిచి ఆయన్ని కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు సభ్యులుగా కూర్చునేవాళ్ళం. అక్క బయటికి వెళ్ళి తలుపు తట్టాలి. “అట్ల కాదక్కా. తట్టినాక ఆగల్ల. మే ఐ కమిన్ సర్ అనల్ల. కూచోమంటే తప్ప కూచోగూడదు” అని ఛైర్మన్ అన్న గంభీరంగా చెప్పేవాడు. చిన్న చిరునవ్వు ఉండాలి, పళ్ళు కనిపించకూడదు. ఆడ మెంబరుంటే ముందు ఆవిడకి నమస్కారం. తెలియని ప్రశ్నకు గొప్పలు పోకూడదు, సారీ సర్ ఐ డోంట్ నో అని మర్యాదగా ఒప్పుకుని నోరు మూసుకోవాలి. బోర్డు దగ్గర కోతలు కోస్తే కొంప మునుగుతుందని ఆయన అనుభవంతో చెప్పేవాడు. ఒకడు ఆవిడ హాబీ ఏమిటని అడిగాడు. హాబీ అంటే ఏమిటో వివరించాక కాసేపు ఆలోచించి, “నిద్ర” అంది. నేను ద్రవ్యోల్బణం మీద అడిగాను. “అది మీరు నన్నడుగుడేంది తమ్మీ, ఉల్లిగడ్డ తక్కువేసినవని నన్ను కొట్లాడేది మీరే గద” అంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా, కాబోయే కలెక్టరంత శ్రద్ధగా ఆవిడ అవన్నీ నేర్చుకుంది.

అసలు రోజున తోడు వెళ్ళింది నేను. దుబాసీగా పంపారు నన్ను, హిందీ ఆవిడకే నాకంటే బాగా వచ్చినా. అక్క పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. నన్ను బయట బెంచీ మీదే ఆపేశారు గాని, తలుపు ఓరగా ఉండటంతో లోపల సంగతి కనిపిస్తూనే ఉంది. అక్క తలుపు తట్టింది, ఆగింది, “మే ఐ కమిన్ సర్” అంది. కాగితాల్లో తలలు పెట్టుకున్న ఇద్దరు మగ ఆఫీసర్లూ పై అధికారి ఎవరో వచ్చారనుకుని సగం లేచారు. మూడో ఆవిడ, వాళ్ళలో పెద్దావిడ, కళ్ళజోడు సరిచేసుకుంది. అక్క ముందు ఆమెకి నమస్కారం పెట్టింది. కూర్చోమని ఎవరూ అనలేదు, అలాంటి మాట అనాలని వాళ్ళకి తోచలేదు. అక్క నిలబడే ఉంది. ఒకాయన, ఆఫీసు మొత్తానికి ఒక్కచేత్తో వంట నడిపించగలవా అని హిందీలో అడిగాడు. అక్క పళ్ళు కనిపించకుండా చిరునవ్వు నవ్వి, “సారీ సర్. ఐ డోంట్ నో” అని నోరు మూసుకుంది.

బయట నేను తల పట్టుకున్నాను. మేమే చెడగొట్టాం, మా చేతులారా ఆవిడ నెత్తిమీదికి మళ్ళీ తట్ట ఎక్కించాం అనుకున్నాను. అంతలో లోపల ఆ పెద్దావిడ నవ్వడం వినిపించింది. పొద్దున్నుంచి వచ్చిన వాళ్ళంతా ఢిల్లీ మొత్తానికి వండిపెడతామన్నారని, తెలియదన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నానని అంది. ఇంతవరకు ఎంతమందికి వండావని అడిగింది. అప్పుడు అక్క ఇంగ్లీషు, చిరునవ్వు రెండూ వదిలేసి, పనిచోట స్లాబు పోసే రోజుల గురించి హిందీలో గలగలా చెప్పుకొచ్చింది. స్లాబు మొదలైతే మధ్యలో ఆగకూడదు, కాబట్టి ముఠా అంతా వంతులవారీగా వచ్చి తిని పోతుంటే, తెల్లారినప్పటినుంచి పొద్దుగూకే దాకా వండుతూనే ఉండాలట. “అంతమందికీ వండిన. ఆఫీసుల ఎంతమంది ఉంటరో మీరు చెప్పలేదు, గందుకే తెల్వదన్న” అంది చివరికి, ఆ హిందీలోనే. ఒక నెల చేసి చూపించమన్నారు. బయటికొచ్చి నాతో అన్న మొదటి మాట మాత్రం వేరు. “కూసోమంటెనే కూసోవాలంటిరి. వాళ్ళు అననే లేరు తమ్మీ, కాళ్ళు గుంజుతున్నయి” అంటూ నా పక్కన బెంచీ మీద కూలబడింది.

నెల తిరక్కుండానే పని ఖాయమైంది. ఆ ఏడాది మా మెస్ మొత్తంలో ఇంటర్వ్యూ గట్టెక్కింది ఆవిడ ఒక్కతే. మేం ఎగిరి గంతేశాం, మిఠాయి తెచ్చి పంచుకున్నాం, అభివృద్ధి ఫలాన్ని చిట్టచివరి మనిషికి మా చేత్తో అందించినట్టు ఒకరి భుజాలు ఒకరం చరుచుకున్నాం. రేపటినుంచి మా అన్నం సంగతేమిటన్న ప్రశ్న మాత్రం, నమ్ముతారో లేదో, ఒక్కడికీ రాలేదు. మెస్ మూసేస్తున్నానని అక్క చెప్పిన పూట గాని అది మా బుర్రకెక్కలేదు. పొద్దున అక్కడ వండి సాయంత్రం ఇక్కడ వండొచ్చు కదా అని నసిగినవాడొకడు. ఇంకెవరినైనా పెట్టి వెళ్ళమన్నవాడు మరొకడు. నేను పైకి అనలేదు గాని, నా బాధా అదే.

ఎండలు మొదలైన రోజుల్లోనే, ఆఖరి పూట ఆవిడ అన్నీ వండింది. రొట్టె, పులుసు, పుంటికూర, పైన సేమ్యా పాయసం. భర్త మెల్లగా నడుచుకుంటూ వచ్చి విస్తళ్ళు వేశాడు. మేం తలలు వంచుకుని, చావు భోజనం తింటున్నట్టు తింటున్నాం. అక్క అన్నం గిన్నె పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా మా మొహాలన్నీ చూసింది. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే అర్థం కాక అడిగింది. “ఏమయ్యింది తమ్మీ, అందరు మొగాలు గట్ల పెట్టిన్రు? మీల ఎవలన్న పాసయి పోయేటప్పుడు నేను గిట్ల చేసిన్నా?” ఛైర్మన్ అన్న విస్తరి ముందుకు జరిపి ఇంకో రొట్టె వేయమన్నాడు. మేం ఆ సందులోంచి వెళ్ళిపోవడానికే వచ్చామని, ఆవిడ అక్కడే ఉండిపోవడానికి వచ్చిందని మాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. కాలం మమ్మల్ని మాత్రమే ముందుకు తీసుకెళుతుందనీ, వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆవిడ అదే పొయ్యి దగ్గర కనిపిస్తుందనీ నమ్మిన వయసు అది.