ఉప్పల్ బస్సులో ఇంగ్లండు రాజులు

జూన్ రెండో గురువారం, నాచారం. బయల్దేరినవాళ్లం: నేను, పెద్ద వయసులో లా చదువుతున్న నా భార్య సులోచన, ఉప్పల్ మార్కెట్లో కూరగాయలు కొనాలన్న పక్క ఫ్లాటు కమలమ్మ.

ఆ రోజు ఉప్పల్‌లోని కాలేజీలో సులోచనకు మౌఖిక పరీక్ష. ఇంగ్లండు రాజ్యాంగ చరిత్ర. తప్పితే ఏడాది పోతుంది. పాఠమంతా ఎక్కాల్లా వల్లె వేయించింది నేనే. అక్కడే వచ్చింది చిక్కు. ఏ ప్రశ్న అడిగినా పాఠం మొదట్లో ఉన్న జాన్ రాజు దగ్గర మొదలుపెడితే గానీ ఆమెకు జవాబు రాదు.

తొమ్మిదింటికి బస్సెక్కాం. ఆడవాళ్లిద్దరికీ జీరో టికెట్లు, నాకు డబ్బుల టికెట్టు. సులోచన కళ్లు మూసుకుని పాఠం అందుకుంది. చట్టం దాటి ఎవరినీ జైల్లో పెట్టనని సామంత ప్రభువులు జాన్ రాజు చేత పత్రం మీద ముద్ర వేయించారు. చార్లెస్ రాజు పార్లమెంటును కాదని పన్నులు వేసి తల పోగొట్టుకున్నాడు.

"ఆగాగు," అంది కమలమ్మ. "రాజు తలనే కొట్టేసిన్రా? కొడుకులు ఊకున్నరా?"

సులోచన కళ్లు తెరిచింది. "ఏడ ఊకున్నరు? పెద్దోడు మళ్ల గద్దెనెక్కిండు. ఆని తర్వాత తమ్ముడు జేమ్స్. ఆడు పార్లమెంటు మాట ఇనకపోతే బిడ్డ, అల్లుడు గలిసి గద్దె గుంజుకున్నరు."

కండక్టరమ్మ టికెట్లు కొట్టడం మానేసి మా మీదికి వంగింది. "సొంత అల్లుడే! గసొంటోన్ని ఎట్ల నమ్మిన్రు పెద్దమ్మా?"

"నమ్మలే. షరతులు పెట్టిన్రు. మమ్ముల అడగకుంట పన్నేసుడు లేదు, ఫౌజు పెట్టుడు లేదు. గా షరతుల కాయితమే బిల్ ఆఫ్ రైట్స్."

"మా అల్లునితోని గూడ గిసొంటి కాయితం రాయించుకోవాలె," అంది కమలమ్మ.

బస్సంతా ఒకటే నవ్వు. అడిగినవాటికి జాన్ రాజు ఊసే లేకుండా సులోచన జవాబు చెప్పేసింది! ఆ మాట పైకి అంటే మళ్లీ బిగుసుకుపోతుందని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఈ సందడిలో మా స్టాపు దాటిపోయింది. ఆటోలో వెనక్కి వచ్చాం.

పరీక్ష గది బయటే నిలబడ్డాను. "పన్ను వేసే అధికారం పార్లమెంటుకు ఎలా దక్కింది?" అని లోపల అడిగారు. సులోచన గొంతు: "సార్, అల్లునితోని మొదలువెడుత." లోపల ఎవరో పకపకా నవ్వారు. మంచికో చెడుకో తెలియలేదు.

తిరుగు ప్రయాణం హబ్సిగూడ దాకా మెట్రోలో, అక్కణ్ణుంచి ఆటోలో. కమలమ్మ కూరగాయల సంగతే మరిచి మాతోపాటు వచ్చేసింది. నాచారం, ఉప్పల్ మధ్య ఎన్నోసార్లు తిరిగాను. దారి పొడవునా ఇన్ని రాజ్యాలు కూలడం చూసింది మాత్రం ఆ రోజే.

మర్నాడు పొద్దున పాలు కాస్తుండగా ఫోన్లో ఫలితం వచ్చింది. పాసు. ఫోను ఇద్దరం పట్టుకుని మళ్లీ మళ్లీ చదువుతుంటే పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఇద్దరమూ కదల్లేదు.