కంప్యూటర్‌లో దొంగ

కరుణాకర్ ఆచారికి మాట కంటే చెయ్యి ముందు లేస్తుంది. ఆళ్లగడ్డలో ఆయన షెడ్డులో శిల్పం పని నేర్చుకున్న వాళ్లలో ఆ చెయ్యి రుచి చూడని వాడు లేడు. కొలత అర అంగుళం తప్పినందుకు ఒకడి చెవి పగలగొట్టాడు. వెటకారం చేసిన లారీ డ్రైవర్‌కు రెండు పళ్లు రాల్చాడు. ముప్పై ఏళ్లు నల్లరాయిని దెబ్బలతో దారికి తెచ్చిన మనిషి, మనుషులు కూడా అలాగే దారికొస్తారని నమ్మాడు. ఆ నమ్మకమే కొంప ముంచింది.

రెండేళ్లుగా ఆయన వేళ్లు వణుకుతున్నాయి. విగ్రహానికి కళ్లు తీర్చే పని తమ్ముడు పవన్ చేతికి వెళ్లింది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు. అన్న కాగితం మీద గీసిన బొమ్మల్ని ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, నిలువెత్తు కొలతలతో అచ్చు తీసేదీ పవనే. కళ్లు తెరిచేదాకా బొమ్మ పరాయివాళ్ల కంట పడకూడదన్నది వాళ్ల నాయన పెట్టిన కట్టడి.

అలాంటిది, ఆచారి గీసిన నరసింహస్వామి, ఇక్కడ రాయి సగం చెక్కకముందే వేరే షెడ్డులో కనబడ్డాడు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్ బుసలు కొడుతోంది. నడుస్తున్న ప్రోగ్రాంల పట్టిక తెరవడం పవనే ఒకప్పుడు నేర్పాడు. తెరిచి చూస్తే, ఎన్నడూ చూడని ఇంగ్లీషు పేరొకటి అన్నిటికంటే పైన ఉంది. తెర మూలన దాని గుర్తును నొక్కాడు. తన బొమ్మల పేర్లు ఒకదాని వెనుక ఒకటి ఎక్కడికో పరుగెడుతున్నాయి. ఆచారికి ఒళ్లు మండిపోయింది. అదేమిటో ఎవరినైనా అడిగితే సరిపోయేది, కానీ ఆ అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు. సుత్తి తీసుకుని షెడ్డులో పనిచేస్తున్న పవన్ దగ్గరికి నడిచాడు.

"నా బొమ్మల్ని ఎవనికి పంపుతాండావ్ రా?"

"ఏందన్నా? నేనెవనికి పంపుతా?"

"కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం పెట్టింది నువ్వే గదా?"

"నేనే పెట్టినా. అది ఎందుకంటే..."

మిగతాది ఆచారి విననే లేదు. మొదటి గుద్దుకు పవన్ పెదవి చీలింది. రెండో గుద్దుకు బండరాళ్ల మీద పడ్డాడు. లేవబోతూ రాతి మీద ఆనించిన కుడిచేతి మీద సుత్తి దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు ఆచారికి స్పష్టంగా వినిపించింది. అయినా మళ్లీ ఎత్తి కొట్టాడు. పనివాళ్లు నలుగురు పట్టి లాగితే గానీ ఆగలేదు.

ఆ వేళ్లు ఇక ఉలి పట్టలేవని నంద్యాల ఆసుపత్రిలో డాక్టర్ చెప్పాడు. పవన్ భార్య సుకన్య ఆచారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అది నకలు తీసే ప్రోగ్రాం బావా. పోయిన వానలకు నీ కాగితాలు తడిసి పాడైనాయని, బొమ్మలన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కేట్టు పెట్టినాడు. యాడికీ పోలే, ఆ డబ్బా లోపల్నే ఉండాయి. నరసింహస్వామిని బయటికి పంపింది నువ్వే. ఆర్డరిచ్చిన బండి ఆత్మకూరు ఊరి గుడోళ్లకు నువ్వు ఫోన్లో పంపిన ఫోటోనే ఊరూరా తిరిగింది."

జీవితంలో మొదటిసారి ఆచారికి తన చెయ్యంటే తనకే అసహ్యం వేసింది.

ఆసుపత్రి వాళ్లు కబురు చేస్తే కానిస్టేబుల్ వచ్చాడు. దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు.

"రాయి జారి పడింది సార్," అన్నాడు పవన్.

"రాయి కాదు సార్," అన్నాడు ఆచారి గుమ్మంలోంచి. "నేనే కొట్టినా. ఎందుకు పెట్టిందీ వాడు చెప్తాండంగానే కొట్టినా."

పవన్ ఆయన వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.