నిశ్శబ్దం మీద నా ఉపన్యాసం

ఆ రోజుల్లో సినిమా గురించి నాకు తెలియని సంగతంటూ లేదు. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరి ఏడాది కాలేదు. కాలేజీ పత్రికలో విదేశీ సినిమాల మీద ఒకే ఒక్క వ్యాసం రాశాను (అందులో పొగిడిన నాలుగింటిలో రెండు చూశాను కూడా). అది చదివి, ప్రొద్దుటూరులో ఫిలిం క్లబ్బు నడిపే లెక్కల సారు ఫోన్ చేశాడు. "ఆదివారం పొద్దున్నించి మూడు సినిమాలు ఏస్తాండాం. మొదటిది అయిపోతానే నువ్వే ఎక్కి నాలుగు మాటలు చెప్పాలప్పా" అన్నాడు. నాలుగు మాటలేమిటి, నాలుగు పేజీలు రాసి బట్టీపట్టాను. చీరలు కొనడానికి పులివెందుల నుంచి వచ్చిన మా మేనత్త, అన్నకొడుకు వేదిక ఎక్కుతున్నాడని తెలిసి, అంగడికి పోవడం మానేసి ముందు వరుసలో నా పక్కనే కూర్చుంది.

మొదటిది ఏదో మంచుదేశపు సినిమా. ఒకాయన మంచులో నడుస్తాడు, ఆగుతాడు, మళ్లీ నడుస్తాడు. "యాడికి పోతాండాడురా ఈయప్ప?" అంది అత్త. "అది తెలీకపోవడమే అసలు కథ అత్తా" అన్నాను గంభీరంగా. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నాడు గానీ, గాలి చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. ఎంత సాహసం! అనుకునేలోపే లైట్లు వెలిగాయి, నన్ను పిలిచారు. బట్టీపట్టిన పేజీలన్నీ వదిలేసి మైకు అందుకున్నాను. "ఈ దర్శకుడు చివర్లో శబ్దాన్నే వదిలేశాడు, గమనించారా? ఆ నిశ్శబ్దమే ఈ సినిమాకు ప్రాణం!"

హాలంతా నన్ను వింతగా చూసింది. లెక్కల సారు నా చెవి దగ్గరికి వంగాడు, తను మైకు దగ్గరికి కూడా వంగినట్టు ఆయనకు తెలియదు. "సినిమా స్పీకరు చెడిపోయింది గదప్పా! ఓర్చుకోండని అందరికీ చెప్తి. నువ్వు యాడుంటివి?"

"ఈడనే ఉండె సార్!" ముందు వరుసలోంచి అత్త నా పరువు కాపాడబోయింది. "నిద్దరపోతాండె. శానా అలిసిపోయినాడని నేనే లేపల్యా!"

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. బస్టాండుకు పారిపోబోయిన నన్ను అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఏంది, నవ్వితే సచ్చిపోతావా? కూచో, ఇంగోటి చూద్దాం." స్పీకరు బాగుచేసి వేసిన ఆ రెండోదాన్ని, తర్వాతి వ్యాసంలో వెక్కిరించాలని నేను ముందే నిర్ణయించుకున్నాను: పెళ్లికి తెచ్చిన గుర్రం పారిపోతే ఊరంతా దాని వెంట పడే హాస్యకథ. మొదట బిగుసుకుని కూర్చున్నాను. పెళ్లికొడుకు తాతను ఎక్కించుకుని గుర్రం చెరువులో దిగాక నావల్ల కాలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. చివర్లో ఆ తాత గుర్రం మెడ మీద తల ఆనించి, చనిపోయిన భార్యతో మాట్లాడినట్టు మాట్లాడుతుంటే, అత్త కొంగు సగం నాకిచ్చింది.

సారు పెద్ద మనసుతో మళ్లీ పిలిచాడు. వెళ్లి నిలబడ్డాను. ఒక్క మాటే వచ్చింది: "బాగుంది." చప్పట్లు మోగాయి. మూడో సినిమా మొదటిదానికంటే ఘోరం. అయినా రెప్ప వాల్చలేదు, భయంతో.

ఇప్పుడు ఏ సినిమా మీదైనా అభిప్రాయం అడిగితే పదిసార్లు ఆలోచించి, తప్పించుకుంటాను. నిద్రలో కూడా సినిమా అర్థమవుతుందని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.