మగ్గాల వాళ్ల కారు

దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో కారు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. వెతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, మా ఊరు కోవూరు గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివాను. ఏ పుస్తకంలోనూ ఆ మాట కనపడలేదు. కానీ అరవైల నడుమ మా చిన్నాయన తెచ్చిన జపాన్ కారు మా వాకిట్లో ఆగినప్పుడు ఊరు నవ్విన నవ్వు చూస్తే, మేమేదో చట్టం దాటినట్టే ఉండింది.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. వయసులో ఉండగానే ఓడెక్కి మలయా పోయి, రబ్బరు తోటల కంపెనీలో స్టోరు చూసుకుంటూ చాలా ఏళ్లు అక్కడే ఉన్నాడు. కాపురం ఎత్తేసి వచ్చేవాళ్లు వాడుకున్న సామాను తెచ్చుకోవచ్చని రూలు ఉంటే, అందరిలా రేడియో, కుట్టుమిషను కాకుండా ఆయన వాడుకున్న కారు తెచ్చుకున్నాడు. మద్రాసు హార్బరులో దించుకుని ట్రంకు రోడ్డు మీద తానే నడుపుకుంటూ వచ్చాడు. లేత నీలం రంగు. మనవైపు తిరిగే కార్ల పక్కన నిలబెడితే ఆవుల మందలో మేకపిల్లలా ఉండేది. వచ్చిన కొన్నాళ్లకే ఆయన కళ్లకు పొర కమ్మింది.

"అబ్బయా, ఎదరొచ్చేది బండో బర్రో తెలీడంలా. ఇంక నువ్వు తోలుకో" అని తాళం నా చేతిలో పెట్టాడు.

అప్పటికి నేను బుచ్చిరెడ్డిపాలెం నుంచి ధాన్యం తోలే లారీకి డ్రైవరును. లారీ మానేసి ఈ కారును బాడుగకు తిప్పుకుందామని నా ఆశ. ఒకరి బండి తోలడం వేరు, మన బండి మనం తోలడం వేరు. ఆ తేడా ఒకరికింద పనిచేసినవాడికి చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో జపాన్ సరుకంటే తిరునాళ్లలో కొనే రేకు బొమ్మలు, ఇంటికొచ్చేలోగా పాళీ విరిగే పెన్నులు. కాఫీ హోటలు ముందు కారు ఆపితే చాలు, ఎవడో ఒకడు అందుకునేవాడు.

"ఏం అబ్బయా, ఎన్ని చుట్లు కీ ఇస్తే నెల్లూరు దాకా పోతాది?"

"నీ నోరు తిరిగినన్ని చుట్లు చాల్లే" అనేవాణ్ణి.

వీళ్లతో బాధ లేదు. బాధంతా మా వీధి చివర రైసుమిల్లు ఆసామితోనే. ఆయనకు పెద్ద ఇంగ్లీషు కారు ఉండేది. ఊళ్లో కారంటే అదొక్కటే అన్న లెక్క చెడిపోవడం ఆయనకు మింగుడుపడలేదు. ఒకరోజు పొద్దున్నే మా అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. నాయన విల్లు దించి దూది ఏకుతున్నాడు. ఒళ్లంతా తెల్లటి నుసి.

"ఏం సాయిబూ! దూదేకేటోడికి కారేందికయ్యా? విల్లు దాంట్లో పెట్టుకోని పోతావా?"

నాయన వింటి నరం మీద దెబ్బ ఆపలేదు.

"అది మన రోడ్లకు ఆగదు. నాకిచ్చెయ్. దాని ఇంజను పీకి మెట్టచేలో బావి కాడ పెట్టుకుంటా. నీళ్లన్నా తోడతాది. రేకులు నువ్వే ఉంచుకో, వానకు పైన కప్పుకోవచ్చు."

అక్కడ చేరినవాళ్లు నవ్వారు. నాయన విల్లు పక్కన పెట్టాడు. నిజానికి కారంటే ఆయనకూ ఇష్టం లేదు. మనకు తగని సోకు అనేవాడు. కానీ ఇంటిముందుకొచ్చి నవ్వితే ఊరుకునే మనిషి కాదు. శుక్రవారానికి పరుపు ఇస్తానంటే తుఫానొచ్చినా శుక్రవారమే ఇచ్చే మనిషి. ఆయన మాటంటే ఊరంతా నమ్మకం.

"ఆసామీ, అది దోవలో ఒక్కసారి నిలిచినా నీదే. టైరు పంచరు లెక్కలోకి రాదు. ఇంజను నిలిస్తే తోలుకపో. నిలిచేదాకా మాత్రం మా వాకిట్లోకొచ్చి దాని ఊసెత్తబాక."

"నీ మాటేనా?"

"నా మాటే."

నిలవని ఇంజను ఎక్కడుంది? కానీ మా నాయన నలుగురిలో మాట ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోమని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. కారును నిలవనీకుండా చూసుకోవడం ఒక్కటే నాకు మిగిలిన దారి.

నేరుగా గ్రంథాలయానికి పోయాను. మోటారు ఇంజన్ల మీద ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకం తీసుకున్నాను. పెట్రోలు ఎట్లా మండుతుంది, గాలి ఎంత కావాలి, నిప్పురవ్వ ఎక్కడ పుడుతుంది, అన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. లారీ దగ్గర చేతికి తెలిసినవి పుస్తకంలో కారణాలతో సహా కనపడుతుంటే, చీకటి కొట్లో తడుముకునేవాడికి దీపం ఇచ్చినట్టుండేది. అక్కడి పాత పత్రికల దొంతరలోనే జపాను పరిశ్రమల మీద ఒక ఇంగ్లీషు వ్యాసం కంటబడింది. మా కారు మీదున్న పేరే అందులో ఉంది. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. చదివి ముగించిన సాయంత్రం పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను.

"నాయనా, ఈ కారు చేసినోళ్లు మొదట ఏం చేసేటోళ్లో తెలుసా? మగ్గాలు!"

"నేతోళ్లా?"

"నేసేటోళ్లు కాదు, మగ్గాలు తయారుచేసేటోళ్లు. తండ్రి మగ్గాలు చేస్తే, కొడుక్కు కారు మీద మనసు పోయిందంట. అమెరికా కారొకటి తెచ్చి, ఏ మరకు ఆ మర విప్పి నేలమీద పరిచి చూసుకున్నాడంట."

నాయన లేచిపోయి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అది వచ్చాక ఆయన దాన్ని చేత్తో ముట్టుకోవడం అప్పుడే చూశాను. బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, "అయితే మనకు దగ్గిరోళ్లే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అన్నం తింటూ అడిగేవాడు, "మగ్గాలోళ్లు ఇంకేం చేసినారంట?" అని. యుద్ధం తర్వాత ఆ కంపెనీ మూతపడేదాకా వచ్చిందని చెప్పాను. యాభైల చివర అమెరికాకు కార్లు పంపితే, అక్కడి పెద్ద రోడ్ల వేగానికి తట్టుకోలేక వేడెక్కి ఆయాసపడ్డాయనీ, అక్కడివాళ్లు నవ్వారనీ, వీళ్లు అమ్మకం ఆపి ఇంటికి పోయి మళ్లీ మొదటినుంచి చేసుకుని వచ్చారనీ చెప్పాను.

"నవ్వితే నవ్వినారు. మళ్లీ పోయినారు గదా, అదీ" అన్నాడు నాయన.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. దగ్గరివాళ్ల కారు కదా అని, సీట్లు దిగబడిపోయాయంటూ ఆయనే విప్పి మేలురకం దూదితో కూరి కుట్టాడు. పెళ్లి పరుపుకు కూరినంత దట్టంగా కూరాడు. సీటు జానెడు లేచింది. కోవూరు నుంచి నెల్లూరు పోయేలోగా గుంట వచ్చిన ప్రతిసారీ ఎక్కినవాళ్ల తలలు కప్పుకు టపటపా కొట్టుకునేవి. తలపాగా ఉన్నవాళ్లు బతికిపోయేవాళ్లు.

"ఏంది సాయిబూ, ఇది కారా అటకా?" అని మా వాకిట్లో దిగబోతూ అరిచాడొక రైతు.

"అటక మీదైతే పడుకోవచ్చు. దిగబాక, పడుకో" అన్నాడు నాయన. చివరికి సగం దూది తీసేయక తప్పలేదు.

బాడుగలు వచ్చాయి. తాళం తిప్పగానే ఇంజను పలకడం జనానికి వింత. ముందు హ్యాండిలు పెట్టి తిప్పే కార్లే వాళ్లకు తెలుసు. డాష్‌బోర్డులో సిగరెట్టు వెలిగించే చిన్న గొట్టం ఉండేది. నొక్కితే ఎర్రగా కాలి బయటికి వచ్చేది. దానితో బీడీ వెలిగించుకోవడానికే నెల్లూరు ప్రయాణం కట్టినవాళ్లను నేనెరుగుదును. ఏదైనా అరిగితే మాత్రం నరకమే. ఆ కారు సామాను మద్రాసులో కూడా దొరికేది కాదు. లారీల సామాను తెచ్చి, అరగదీసి, సాగదీసి, నెల్లూరులో లేతు మిషను పట్టేవాళ్లను బతిమాలి సరిపెట్టేవాణ్ణి. ప్రతిసారీ మిల్లు ఆసామి ఎవరినో ఒకరిని పంపి ఆరా తీసేవాడు. "నిలిచిందా?" "నిలవలా." ఇదీ మా పలకరింపు.

ఒక వేసవిలో బోగోలు వైపు సముద్రపు పల్లెలకు చాలా బాడుగలు దొరికాయి. ఆ ఇసుక దోవలో ఇంజను పీల్చే గాలిని వడగట్టే డబ్బాలోని కాగితపు వడపోత పూర్తిగా పూడిపోయింది. కొత్తది దొరకదు. అది లేకుండా తిప్పితే ఇసుక లోపలికి పోయి ఇంజను అరిగిపోతుంది. దుమ్మును పట్టేది దూదికన్నా ఏముంది అనుకున్నాను. మాకు దూదికి కరువా? నాయన ఏకిన దూది తీసుకుని డబ్బాలో కూరాను. దట్టంగా ఉంటే దుమ్ము అసలే పోదు కదా అని బొటనవేలితో నొక్కి మరీ పెట్టాను. దూది ఇంట్లో పుట్టినవాడి చేతికి వచ్చింది అదే: గట్టిగా కూరితే మంచి పని.

ఆ మర్నాడే నెల్లూరులో ఒక పెళ్లివారి పరుపు అప్పజెప్పి, ఇంకో ఇంటి పాత పరుపులు ఏకడానికి కారు పైన కట్టుకుని, నాయనా నేనూ కోవూరుకు తిరిగి వస్తున్నాం. ఎండ మండుతోంది. పెన్న వంతెన ఎక్కాక కారు బరువుగా ఈడవడం మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ. సగం దాటగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనక వడ్ల బండ్లు, సైకిళ్లు, బస్సు. "ఏందయ్యా నిలబెట్టినావ్!" అని అరుపులు. నాయన నా వైపు చూడలేదు. కిందికి దిగి వంతెన గోడ మీద కూర్చున్నాడు.

ఇలాంటి వార్త నడిచి రాదు, ఎగిరి వస్తుంది. కానీ ఆ రోజు దానికి ఎగిరే పని కూడా లేకపోయింది. ఆ బండ్ల వెనక ఆగిన పెద్ద కారు మిల్లు ఆసామిదే. నెమ్మదిగా దిగి వచ్చాడు.

"నిలిచిందా సాయిబూ?"

"నిలిచింది" అన్నాడు నాయన.

"ఎడ్లను పంపిస్తా. ఈడ్చుకపోతాయి."

"ఉండండి ఆసామీ" అన్నాను. బానెట్టు ఎత్తి పుస్తకంలో చదివిన వరసలో చూశాను. పెట్రోలు ఉంది. నిప్పురవ్వ ఉంది. ప్లగ్గులు విప్పితే మసిబొగ్గులా ఉన్నాయి. పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైతే ప్లగ్గు నల్లబడుతుందని చదివిన పేజీ కళ్లముందు ఆడింది. ఇంజనుకు ఊపిరాడటం లేదు. డబ్బా మూత విప్పాను.

"నాయనా, దూది బిగిసింది."

నాయన లేచి వచ్చి డబ్బాలోకి చూశాడు. తన దూదిని గుర్తుపట్టాడు.

"ఎవుడ్రా ఇది కూరింది?"

"నేనే."

"పరుపుకు కూరినట్టు కూరినావే! ఇది పడుకునేదా, గాలి పీల్చేదా?"

దాన్ని బయటికి లాగి గోడ మీద కూర్చుని, వేళ్లతో పింజ పింజగా విడదీశాడు. ఊదితే కదిలేంత పలచగా పరిచి నాకిచ్చాడు. ప్లగ్గులు తుడిచి బిగించి తాళం తిప్పాను. కొంచెం గునిసి, పలికింది. బస్సులోవాళ్లు ఈలలు వేశారు.

మిల్లు ఆసామి కదల్లేదు. "పలికితే పలికిందిలే. నిలిచింది గదా. మాట మాటే."

"నిలిపింది కారు కాదు ఆసామీ, నా దూది" అన్నాడు నాయన.

"మాట తిప్పబాక సాయిబూ. నీ నోటితోనే చెప్పినావు, ఇంజను నిలిస్తే నాదేనని."

నిజమే. అక్కడున్న అందరికీ తెలుసు. నాయనకు అందరికన్నా బాగా తెలుసు. ఇచ్చేస్తాడనే అనుకున్నాను. తాళం తీసి ఆసామి చేతికి ఇవ్వబోయాను కూడా. నాయన నా చెయ్యి తోసేశాడు.

"తిప్పుతుండాననే అనుకో" అన్నాడు ఆసామితో. "పుట్టిన కాడ్నుంచి తప్పనోడు ఈపొద్దు తప్పినాడని ఊరంతా చెప్పుకో. నా మాట పోతే నాది పోతాది. దానికి నా బిడ్డ చేతిలో బండి ఎందుకు పోవాల? కారియ్యను. పో."

ఆసామి ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన బంధువుల ఇళ్ల నుంచి పరుపుల పని మళ్లీ రాలేదు. మా వాళ్లలోనే కొందరు పెద్దలు నాయనను పిలిచి, ఇది నీకు తగునా అని అడిగారు. తగదు అన్నాడు, ఇంటికి వచ్చాడు, విల్లు అందుకున్నాడు. నేను ఆ కారును ఏళ్ల తరబడి తిప్పాను. ఆ వంతెన మీద ఎన్నిసార్లు పోయానో నాకే తెలియదు. ఆయన న్యాయం తప్పాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననివ్వండి. పేదవాడు ఇచ్చిన మాట ఎప్పుడూ పెద్దవాడి ఇంటికే లాభంగా ఎందుకు చేరాలో నేను చదివిన పుస్తకాలు ఏవీ నాకు చెప్పలేదు.

పని లేని రోజుల్లో నాయన కూడా ముందు సీట్లో కూర్చుని బాడుగకు వచ్చేవాడు. ఒకసారి బుచ్చిరెడ్డిపాలెంలో ఒక ధాన్యం వర్తకుడు తలుపు తీసి ఆయన్ను చూసి ఆగిపోయాడు.

"కారు కోసం మాట తప్పిన సాయిబు నువ్వేనంట గదా?"

"నేనే, తప్పినా" అన్నాడు నాయన. "ఎక్కుతావా, నడిచి పోతావా?"